ముట్టుకోనందుకు కూలి

నది పేరే ఊరి పేరు, నారిన్.
నది గడ్డకట్టాక కరెంటు
రోజుకి మూడు విడతలు,
ఏ మూడో ఎవరికీ తెలీదు.
బజారు చివర, బూట్లు కుట్టే కొట్టు పక్కన
నా బల్ల, నా టంకం కడ్డీ, ఒక కెటిల్.

తాష్తన్‌బెక్ పెద్దాయన వచ్చాడు
పిల్లల మంచుబండి లాక్కుంటూ.
తన గొర్రెతోలు కోటు కంప్యూటర్‌కి కప్పి
తను వణుకుతున్నాడు.
కనుమ పైన మంచు లోతు కొలిచే స్టేషన్ మిషన్.
కొలకడ్డీ పంపే అంకెలు
గంటకోసారి యూఎస్‌బీ దారిలో తప్పిపోతున్నాయట.

"బిష్కెక్ కుర్రాడు ఫోన్‌లో
బయోస్ మార్చెయ్యమన్నాడు, బురుల్."
"ఆ కుర్రాడింట్లో కరెంటు పోదు" అన్నాను.

చిప్‌సెట్ డ్రైవర్లు చాలు, అన్నాను.
అవి విండోస్‌కీ బోర్డుకీ మధ్య దుబాసీలు.
దుబాసీ మాట మధ్యలో సొమ్మసిల్లితే
ఇంకోణ్ణి పిలుచుకోవచ్చు.
"అంటే గుర్రాన్ని ఉంచి జీను మార్చడం?"
అవును.
"మరి బయోస్, గుర్రమా?"
కాదు.
పొద్దున్నే లేచినప్పుడు
తాను గుర్రాన్నని గుర్రానికి గుర్తుండటం.

ఆయన గడ్డం గోక్కున్నాడు.
నేను గోడకేసి చూపించాను.
అక్కడ మేకుకి వేలాడే బోర్డు బడి వాళ్ళది.
నాలుగేళ్ళ కింద, ఇలాంటి ఫిబ్రవరిలోనే,
కొత్త బయోస్ ఎక్కుతూ ఎనభై శాతం దగ్గర
దీపం ఆరింది.
మళ్ళీ అది ఏ మీటకీ పలకలేదు.
ఇప్పుడు దానికి తాళాలు తగిలిస్తున్నాను.
బాగానే ఉంటుంది తాళాలకి.

అన్నిటికంటే కొత్త డ్రైవర్ వద్దు,
దానికి ఈ బోర్డెవరో తెలీదు.
మరీ పాతదీ వద్దు.
డ్రాయరంతా తిరగేసి, పెన్‌డ్రైవ్‌లు ఏరి ఏరి
ఈ బోర్డు వయసుకి తగినదొకటి పట్టుకున్నాను.
పది శాతం. ముప్ఫై.
అరవై నాలుగు.

పోయింది.

బజారంతా ఒక్కసారి "ఓయ్" అంది,
తర్వాత జనరేటర్ ఉన్నవాడి కొట్టు మాత్రం
గొప్పలు పోతూ మొదలెట్టింది.
నేను పెద్దాయన ముఖం చూడలేదు.
కెటిల్‌లో మిగిలిన వేడి టీ కప్పుల్లోకి వంచాను.
ఆయన చీకట్లో, ఎవరూ అడక్కుండానే
చెప్పుకుపోతున్నాడు:
జనవరి పంతొమ్మిది, నలభై ఒక సెంటీమీటర్లు.
ఇరవై, నలభై నాలుగు.
ఇరవై ఒకటి, గాలి, చూడలేకపోయాను.
తప్పిపోయిన అంకెలన్నీ
వెళ్ళి చేత్తో కొలిచి దాచుకున్నాడు.
మోకాళ్ళ దాకా మంచులో, డెబ్భై ఏళ్ళప్పుడు.

యాభై నిమిషాలకి బల్బు ఎర్రగా, తర్వాత పచ్చగా,
తర్వాత బల్బులా వెలిగింది.
మీట నొక్కాను.
ఫ్యాను దగ్గింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
ఆయనకైతే ఎందుకో కూడా తెలీదు.

ఒక్క బీప్.

పన్నెండేళ్ళ నాటి నీలం తెర,
అదే తప్పు స్పెల్లింగుతో స్వాగతం,
తేదీ సరిగ్గా, గంట సరిగ్గా.
పైన జరిగిన గొడవ దానికేం పట్టినట్టు లేదు.
సున్నా నుంచి మళ్ళీ మొదలెట్టాను.
ఈసారి వంద.
జాబితాలో పసుపు గుర్తు లేదు.
పరీక్షకి ఆయన జేబులోంచి తీసిన కడ్డీ గుచ్చితే
తెర మీద: సున్నా సెంటీమీటర్లు.
"నిజమే, నీ కొట్లో మంచు లేదు" అన్నాడు.

"మరి బయోస్ ఎప్పుడు?"
మేలో తీసుకురా, నది కదిలాక.
అప్పటికీ ఇది బాగానే నడుస్తుంటే
తీసుకురాకు.

రసీదు రాశాను.
చిప్‌సెట్ డ్రైవర్లు: మూడు వందల సోమ్.
బయోస్: ముట్టుకోలేదు.
ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి రెండుసార్లు చదివాడు.
"ఇక్కడ అంకె వెయ్యలేదే."
ముట్టుకోనందుకు ఎవరైనా డబ్బు తీసుకుంటారా?
గోడ మీది తాళాలకేసి చూశాడు చాలాసేపు.
నా పెన్ను లాక్కుని
తనే యాభై వేసి,
పక్కన సంతకం పెట్టాడు.